యారాలితో కుస్తీ

బీడీలు చేసే ఆడదానికి కుడిచేతి బొటనవేలికి గోరు ఉండాలి. ఆకులో తంబాకు పోసి చుట్టాక దాని మూతిని మడిచి లోపలికి నొక్కాలి కదా. కొందరు చిన్న రేకు ముక్కతో నొక్కుతారు. మా ఇంట్లో అలవాటు గోటితోనే. కుస్తీ పట్టే ఆడదానికి మాత్రం గోరు ఉండకూడదు, ఎదుటి మనిషి మెడ గీసుకుపోతుంది. ఈ రెండు పనులూ ఒకే చేత్తో చేయాలని చూసినదాన్ని నేను. ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతోంది. పొద్దున లేవగానే మెడ తిరగదు. మంచం మీద కూర్చుని కొంచెం కొంచెంగా తిప్పుకోవాలి. అలా తిప్పుకుంటున్నప్పుడే ఈ గోరు సంగతి గుర్తొస్తూ ఉంటుంది.

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మేము, ఇంకో గదిలో మరిది, అతని భార్య. అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో టవళ్లు నేసే మరమగ్గాల మీద పని చేస్తారు. మరమగ్గాలను మేం సాంచాలంటాం, మరిది భార్యను యారాలంటాం. మా యారాలు నాకంటే పదేళ్లు చిన్నది. చాటలు ఒళ్లో పెట్టుకుని ఇద్దరం ఒకే అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని బీడీలు చేసేవాళ్లం. ఆమె చెయ్యి నాకంటే జోరు. ఆ సంగతి నేనెప్పుడూ పైకి ఒప్పుకోలేదు.

ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి తర్వాత మాట తగ్గిపోయింది. చేసిన బీడీలను బీడీల కార్ఖానాలో అప్పజెప్పడానికి కూడా నన్నే పొమ్మనేది. దారిలో ఎవరో ఒకరు పిల్లల సంగతి అడుగుతారని భయం. అడుగుతారు కూడా, మా పేట్ ఆడవాళ్లకు నోరు ఊరుకోదు. అలా ఆమె గడప దాటడం మానేసింది. ఇంట్లో అందరూ ఆమెతో మెల్లగా మాట్లాడేవాళ్లు. నీళ్ల బిందె ఎత్తబోతే ఎవరో ఒకరు వచ్చి అందుకునేవాళ్లు. గాజు సామానును చూసుకున్నట్టు చూసుకునేవాళ్లం.

దాజీ పేట్ వైపు తిరిగే మలుపులో ఒక పాత షెడ్డు ఉంది. దాని యజమాని సాంచాలన్నీ పాత ఇనుము కింద అమ్మేసి, షెడ్డును కుస్తీ నేర్పే ఒక మరాఠీ ఆవిడకు కిరాయికి ఇచ్చాడు. ఒకప్పుడు పోటీల్లో ఆడిన మనిషి. చిన్నా పెద్దా అందరం ఆమెను తాయి అనేవాళ్లం, అంటే అక్క. సాంచాలను బిగించిన బోల్టులను కోసేశారు కానీ వాటి మొదళ్లు నేలలో అలాగే ఉండిపోయాయి. తాయి వాటి మీదే మందపాటి మ్యాట్ పరిచింది. ఎక్కడ పడితే వీపుకు బోల్టు తగులుతుందో నెల తిరక్కుండానే మాకు కంఠతా వచ్చేసింది.

తాయి దగ్గర పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతి గట్టిగా ఆడేది. ఆ పిల్లకు రోజూ జోడీలు కావాలి. పరీక్షల నెలల్లో మిగతా ఆడపిల్లలు రారు. అందుకని తాయి మా గల్లీలోకి వచ్చి, అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ల భుజాలు నొక్కి చూసింది. సంతలో గొడ్లను చూసినట్టు చూస్తోందని నాకు ఒళ్లు మండింది. ఆమె తనకొచ్చిన తెలుగులోనే మాట్లాడేది.

"దినమంత వంగి కూసుంటవ్. నీ కమర్ ఖతం ఐతది. పొద్దుగాల ఒక గంట రా. పైసల్ వద్దు."

"మా యారాలు వస్తె నేను వస్త" అన్నాను.

నిజం చెప్పాలంటే నేను నా నడుము కోసం వెళ్లలేదు. ఆమెను గడప దాటించడానికి వెళ్లాను. ఈ ఒక్క మంచి సంగతీ ముందే చెప్పేసుకుంటున్నాను, తర్వాత చెప్పుకోవడానికి అంత మంచి ఏమీ లేదు కనుక.

ఆ రాత్రే ఇద్దరం గోళ్లు కత్తిరించుకుని, బీడీల కోసం చెరో రేకు ముక్క వెతుక్కున్నాం. మా ఆయన చూసి, "ఇగ ఇంట్ల లొల్లైతె నేనే చేతులెత్తాలె" అన్నాడు. పొద్దున్నే పాత పంజాబీ డ్రస్సులు వేసుకుని, ఎవరైనా చూస్తారేమోనని తల మీద చున్నీ కప్పుకుని వెళ్లాం. మొదటిరోజే యారాలు వెళ్లి వెళ్లి బోల్టు మీద పడింది. లేచి నడుము పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో నాకు లెక్క తెలియలేదు. తాయి ఆమెకు ఒక్క పట్టు నేర్పింది, ఎదుటి మనిషి కాలికి తన కాలు అడ్డం వేసి పడగొట్టే టాంగ్. యారాలు దారిలో కూడా దాని గురించే మాట్లాడేది. కూరగాయల బండి దగ్గర ఆగి బేరం కూడా ఆడింది.

వారం తర్వాత తాయి మమ్మల్ని గోడ వారన నిలబెట్టి చెప్పింది.

"చేతులు కలిపే ముందు మనసుల ఒక్క టార్గెట్ పెట్టుకో. ఏకచ్. నీకన్న మంచిగ ఆడేదానితోని ఒకటి, నీ బరాబర్ ఉన్నదానితోని ఒకటి, తక్కువ వచ్చినదానితోని ఇంకోటి. మూడు వేరే వేరే ఉండాలె."

అంతకంటే వివరంగా చెప్పలేదు. మాకు అర్థమైందనే అనుకుంది. మా పేట్‌లో పుట్టి పెరిగినవాళ్లకు టార్గెట్ అంటే ఒకటే, అంకె. బీడీలు వెయ్యి. టవళ్లు ఇన్ని డజన్లు. వెయ్యికి నలభై తక్కువైతే ఆ పూట అన్నం గొంతు దిగదు. ఆ అంకె ఎట్లా పూర్తయిందని ఎవరూ అడగరు, పూర్తయిందా లేదా అనే చూస్తారు. నేను పది పెట్టుకున్నాను. రోజుకు పదిసార్లు ఎదుటి మనిషి వీపు మ్యాట్‌కు ఆనించాలి. ఆనించినప్పుడల్లా గోడ మీద సుద్దతో ఒక గీత గీసేదాన్ని.

ఆ పంతొమ్మిదేళ్ల పిల్లతో ఒక్క గీత కూడా వచ్చేది కాదు. నాకు సమానంగా ఆడేది పక్క గల్లీ ఆవిడ, ఆమెతో రెండు, బాగా కలిసొస్తే మూడు. మిగిలిన ఏడో ఎనిమిదో నా యారాలి మీదే పూర్తి చేసేదాన్ని. ఆమె ఇంకా నిలబడటమే నేర్చుకుంటోంది, ఆమెకొచ్చింది ఆ ఒక్క టాంగే. నాది బరువున్న ఒళ్లు. పట్టుకో, తిప్పు, పడెయ్, గీత గియ్. పట్టుకో, తిప్పు, పడెయ్. పావుగంటలో పని అయిపోయేది. పది పూర్తవగానే ఇంటికెళ్లి బియ్యం కడిగేదాన్ని, మనసుకు తృప్తిగా ఉండేది. రెండు నెలలు ఇట్లాగే గడిపాను.

ఆమె నడుము మీద కమిలిన మచ్చలు చీర కొంగుతో కప్పుకునేది. తర్వాత అప్పుడప్పుడు, "ఇయ్యాల నీళ్ల దినం అక్క, నువ్వు పో" అనడం మొదలుపెట్టింది. సోలాపూర్‌లో నీళ్లు రోజూ రావు. వచ్చే పొద్దున ఇల్లు కదలడానికి ఉండదు, అందుకని నేను నమ్మాను. నీళ్లు రాని రోజు కూడా అదే మాట అంది. నేను పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం అరుగు మీద ఆమె బీడీ మూతి మడుస్తుంటే నా కళ్లు ఆమె బొటనవేలి మీద పడ్డాయి. గోరు పెరిగింది.

"ఏంది, ఇగ రావా?" అని అడిగాను.

"పని ఎక్కువున్నది అక్క."

మళ్లీ కార్ఖానాకు బీడీలు నన్నే ఇచ్చి రమ్మంది. మళ్లీ గడప లోపలే. ఆ రోజు నాకు బాధ కలగలేదు, కోపం వచ్చింది. నేను బతిమాలి తీసుకుపోతే ఇంత సులువుగా మానేస్తుందా అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆమె లేకపోతే నా పది ఎలా పూర్తవుతుందా అని కూడా ఆలోచించాను. నా బుద్ధి అలాంటిది.

యారాలు రాకపోయేసరికి ఆ పంతొమ్మిదేళ్ల పిల్లతో ఎక్కువసార్లు ఆడాల్సి వచ్చింది. ఒకరోజు వరసగా నాలుగుసార్లు పడ్డాను. నాలుగోసారి, నన్ను కింద అదిమి పట్టుకుని కూడా ఆ పిల్ల నా భుజం మీదుగా గోడ గడియారం చూస్తోంది. ముఖం మీద కోపం లేదు, ఆసక్తీ లేదు.

"నాతోని నీ టార్గెట్ ఏంది బిడ్డా?" అని పడుకునే అడిగాను.

"మీతోనా కాకు?" అంది. కాకు అంటే మరాఠీలో పిన్ని. ఆ పిల్లకు నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది. "మీతోని ఏం లేదు. జరా ఒళ్లు వేడి చేసుకుంట, గంతే."

అవమానించాలని అనలేదు. అడిగినదానికి ఉన్న మాట చెప్పింది. వీపు కింద బోల్టు గుచ్చుకుంటోంది. రెండు నెలలు నేను మా యారాలిని పడేసి కళ్లు ఎక్కడ పెట్టానో అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఇంకా లేవకముందే నేను సుద్ద కోసం గోడ వైపు చూసేదాన్ని. నాకు సిగ్గేసింది. ఒళ్లంతా బరువెక్కి, ఇంటికి నడవడం కూడా వద్దనిపించింది.

తాయి దగ్గరికి వెళ్లి, మా యారాలు నావల్లే మానేసిందన్నాను.

"తెలుసు" అంది తాయి. గోడ మీది గీతలు చూపించింది. "గిన్ని గీతలు, అన్ని ఒక్కదాని వీపు మీదివే. మూడు వేరే వేరే పెట్టుకో అన్న గదా. నువ్వు కుస్తీ చెయ్యలే, కూలి చేసినవ్."

ఆ గీతలన్నీ తడిగుడ్డతో నేనే తుడిచాను. సుద్ద పోయింది కానీ మసక మిగిలింది.

సాయంత్రం యారాలి చాట పక్కన కూర్చుని, "నాది తప్పు" అన్నాను. ఒకే ఇంట్లో కోడళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట కాదది. ఆమె చేతిలో బీడీ పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. నాలుగు రోజుల తర్వాత పొద్దున చూస్తే ఆమె వేళ్లకు గోళ్లు లేవు.

ఇక ఆమెను పోగొట్టుకోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. అనుకుని మళ్లీ తప్పే చేశాను. ఆమె టాంగ్ వేయగానే కావాలనే పడిపోయాను. మెచ్చుకున్నాను. రెండోసారి కూడా పడ్డాను. మూడోసారి పడగానే ఆమె నా చెయ్యి వదిలేసి, మ్యాట్ అంచు మీదికి వెళ్లి కూర్చుంది.

"నాకు ఛాట్ బీడీ ఇస్తున్నవా అక్క?"

కార్ఖానాలో మేం ఇచ్చిన బీడీలను ఒకతను చూసి తీసుకుంటాడు. పైకి బాగానే కనిపించే బీడీని రెండు వేళ్ల మధ్య నొక్కుతాడు. లోపల తంబాకు తక్కువైతే మెత్తగా లొంగుతుంది. దాన్ని పక్కకు విసిరేస్తాడు, అదే ఛాట్. ఎనిమిదేళ్ల వయసు నుంచి బీడీలు చేస్తున్న మనిషి ఆమె. నేను ఎంత బాగా పడినా, నొక్కి చూసే వేళ్లు ఆమెవి.

"పడేసినప్పుడు నన్ను చూడలే, గోడను చూసినవ్" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడేమో నన్ను బీమార్ మనిషిని చేసినవ్. ఇంట్ల అందరు నన్ను గట్లనే చూస్తున్నరు. బిందె గూడ ఎత్తనియ్యరు. ఈడన్న నేను మనిషిలెక్క ఉంట అనుకున్న. ఈడ గూడ గదేనా?"

ఏం చేయమంటావో నువ్వే చెప్పు అన్నాను, విసిగిపోయి. ఆమె నా వైపు తిరిగింది.

"ఏం పెట్టుకున్నవో మనసుల పెట్టుకోకు. చేతులు కలిపే ముందు పైకి చెప్పు. నేను గూడ చెప్త."

మర్నాడు ఎదురెదురుగా నిలబడ్డాం. నేను చాలా సేపు తడుముకున్నాను. అంకె లేకుండా చెప్పడం నాకు చేతకాలేదు. చివరికి, "కుడిచెయ్యి వాడను. ఎడమచేత్తోనే నిన్ను ఆపుత" అన్నాను. ఆమె, "నేను టాంగే వేస్త, ఇంకోటి వెయ్యను" అంది. కుడిచెయ్యిని నడుముకు కట్టిన చున్నీలో దోపుకున్నాను. అప్పుడు తెలిసింది ఆ ఆట ఎంత కష్టమో. ఎడమచెయ్యి నాకు చంటిపిల్ల చెయ్యిలా పనికిమాలినదై కూర్చుంది. ఆమె కాలు ఎప్పుడు కదులుతుందో, ఊపిరి ఎక్కడ బిగబడుతోందో కళ్లు పెట్టి చూస్తే తప్ప నిలబడలేకపోయాను. రెండు నెలలు పట్టుకుని తిప్పిన మనిషి ముఖాన్ని నేను సరిగ్గా చూసింది ఆ రోజే. టాంగ్ వేసే ముందు కింది పెదవి కొరుక్కుంటుంది. నాకు ఆ సంగతే తెలియదు.

ఎనిమిది రోజులు ఆమె వల్ల కాలేదు. నేనూ జాలి పడలేదు. తొమ్మిదో రోజు నేను పెదవి చూసే లోపలే నా కాలు గాల్లో ఉంది. బోల్టు సరిగ్గా వెన్ను మీద తగిలింది. కళ్ల ముందు రేకుల కప్పు తిరిగింది.

"కుడిచెయ్యి తియ్యలే గదా?" అని అడిగింది నా మీదికి వంగి.

"తియ్యలే."

ఆమె లేచి వెళ్లి తలుపు దగ్గర వీధి వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది. నేను వెళ్లలేదు. వెన్ను నొప్పితో పాటు ఏదో పెద్ద సంతోషం నన్ను అక్కడే పడుకోబెట్టింది. ఆ మధ్యాహ్నం యారాలు బీడీల గంప నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు తనే వెళ్లింది. దారిలో ఎవరో అడిగారట, ఇంకా ఏం లేదా అని. "లేదు" అని చెప్పి ముందుకు నడిచిందట. తిరిగొచ్చి ఆ మాట నాకు మామూలుగా చెప్పి, చాట ముందేసుకుంది.

ఈ పైకి చెప్పే అలవాటు మా ఇద్దరి నుంచి అందరికీ అంటుకుంది. పక్క గల్లీ ఆవిడతో నేను "ఇయ్యాల గెలుసుడు లేదు, నీ పట్టు విడిపించుకునుడే" అనేదాన్ని. పంతొమ్మిదేళ్ల పిల్లతో "ముప్ఫై లెక్కపెట్టేదాకా నిలబడత" అనేదాన్ని. ఆ పిల్ల కూడా "కాకు, ఇయ్యాల ఎడమదిక్కు నుంచే వస్త" అని చెప్పడం మొదలుపెట్టింది. నా వైపు చూసి మరీ చెప్పేది. తాయి నవ్వేది కానీ వద్దనలేదు.

మూడేళ్లు గడిచాయి. నా కుడిభుజం అరిగిపోయింది. తంబాకు వల్లో, వయసు వల్లో ఊపిరి కూడా త్వరగా అయిపోతోంది. యారాలికి ఇప్పుడు ఒకటి కాదు, ఐదారు పట్టులు వచ్చు. ఆదివారాలు చిన్నపిల్లలకు ఆమే నేర్పుతుంది. ఇంకా కడుపు పండలేదు. ఇంట్లో బిందెలు మాత్రం ఆమే ఎత్తుతుంది, నావి కూడా.

ఈ వానాకాలం ఒక పొద్దున, చేతులు కలిపే ముందు నా ఎదురుగా నిలబడి చెప్పింది.

"అక్క, నీ కుడిభుజం మీద బరువు వెయ్యను. ఎడమదిక్కే ఆడుత."

అది తక్కువ వచ్చినదానితో చెప్పే మాట. మూడేళ్ల కింద నేను ఆమెకు చెప్పిన మాట. దాచకుండా పైకే చెప్పింది కనుక ఛాట్ అని అనడానికి కూడా నాకు సందు దొరకలేదు. అలా సగం ఒంటితో ఆడుతూనే నన్ను మూడుసార్లు పడేసింది. నాకు అసూయ కలిగింది. చిన్నతనంగా అనిపించింది. అన్నిటికన్నా ఎక్కువగా అలసట కమ్ముకుంది, ఇన్నేళ్లుగా వంగి కూర్చున్న అలసటంతా ఆ పొద్దునే వచ్చి మీద కూర్చున్నట్టు.

మర్నాడు "నీళ్ల దినం" అన్నాను. ఆ మర్నాడు కూడా అన్నాను. నీళ్లు రాని రోజున కూడా అదే అన్నాను. పది రోజులకు బీడీ మూతులు హాయిగా మడుస్తున్నాను. ఎదురుగా కూర్చున్న యారాలు నా బొటనవేలిని చూసింది. లేచి లోపలికి వెళ్లి, గోళ్లు తీసే కట్టర్ తెచ్చి నా చాటలో ఆకుల మీద పెట్టింది.

"పని ఎక్కువున్నది" అన్నాను.

"నేను గూడ గట్లనే అన్న" అని, మళ్లీ తన చాట ఒళ్లోకి లాక్కుంది.

తెల్లారి వెళ్లాను. మ్యాట్ మీద ఎదురెదురుగా నిలబడ్డాం. నేను ముందుగా చెప్పాను, "ఇరవై లెక్కపెట్టేదాకా పడను." ఆమె, "సరే. లెక్క నేను పెడత. భుజం మీద వెయ్యను" అంది. చేతులు కలిపాం. ఆమె ఆడుతూనే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆరు దగ్గర నాకు ఊపిరి అందలేదు. తొమ్మిది దగ్గర ఆమె కింది పెదవి కొరుక్కోవడం చూశాను, ఆపాను. పదకొండు దగ్గర పడ్డాను. రేకుల కప్పు వైపు చూస్తూ, ఇక అయిపోయింది, ఆపేస్తుంది అనుకున్నాను. ఆమె ఆపలేదు. నా ముఖంలోకే చూస్తూ పన్నెండు అంది, పదమూడు అంది. నేను మోచెయ్యి ఆనించి, మోకాలి మీదికి వచ్చి, లేచి నిలబడేదాకా లెక్కపెడుతూనే ఉంది.